కడిగిన గంప

పక్క మంచం ఖాళీగా ఉంది.

మా టెక్కలి డయాలసిస్ వార్డులో ఖాళీ మంచానికి ఒకటే అర్థం. ఇక్కడికి ఎవరూ సెలవు పెట్టరు. పెళ్ళికి వెళ్ళాలనో, ఒంట్లో నలతగా ఉందనో మానేయరు. ఒంట్లో బాగోలేకనే కదా వచ్చేది. రోజు విడిచి రోజు ఒంట్లో రక్తమంతా ఈ మిషనులోకి వెళ్ళి, శుభ్రపడి, మళ్ళీ ఎడమ చేతిలోకి వస్తుంది. ఒకసారి రాకపోతే కాళ్ళు ఉబ్బుతాయి, రెండోసారి రాకపోతే ఊపిరి అందదు, మూడోసారి గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు. అందుకే మంచం ఖాళీగా కనిపిస్తే మేమందరం ఫ్యాను వైపు చూస్తాం, కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు వైపు చూస్తాం, ఆ మంచం వైపు మాత్రం చూడం. ఈవేళ నేను అటే చూస్తున్నాను. అది దాలమ్మ మంచం. భావనపాడు నుంచి మొదటి బస్సు పట్టుకుని నాకంటే ముందే వచ్చి, వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, నేను ఆటో దిగుతుండగానే కేకేస్తుంది. "ఒచ్చినావా సావుకారూ, నీ రగతం ఉతికించుకోడానికి? రా రా, సాకిరేవు ఖాళీగానే ఉన్నాది!" వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వుతారు. టెక్కలి బజార్లో సిమెంటూ ఇనుమూ అమ్మే నరసింగరావుని, నన్ను, అలా అందరి ముందూ ఆటపట్టించే మనిషి ఆమె తప్ప మరొకరు లేరు. ఆ కేక ఈవేళ లేదు. వరండాలో నాకు ముందు కనిపించింది ఆ నిశ్శబ్దమే.

వరండాలో ఇప్పుడు తాయారు కూర్చుని ఉంటుంది. నా భార్య. పక్కన సంచి. మధ్యాహ్నం విశాఖపట్నం రైలు ఎక్కాలి, రేపు పొద్దున్న అక్కడి పెద్దాసుపత్రిలో చివరి పరీక్షలు చేస్తారు, ఆ తర్వాత తాయారు కిడ్నీ ఒకటి తీసి నాకు పెడతారు. నేను ఒప్పుకుంటే. ఒప్పుకోలేదు. మొదటిసారి అరిచాను, రెండోసారి తలుపేసుకున్నాను, మూడోసారి అన్నం ముందునుంచి లేచిపోయాను. ఈ పొద్దున్న ఆటోలో ఆమె నా వైపు తిరగకుండానే అడిగింది. "నాది మీకు సరిపోతాదని డాక్టరు సెప్పినాడు. ఇంకేటి కావాలండీ మీకు, ముహూర్తమా?" మిషను ఆగేసరికి జవాబు చెప్తానన్నాను. పాతపట్నంలో బియ్యం వ్యాపారం చేసే జగన్నాధం నాకు చిన్ననాటి స్నేహితుడు. అతనికి తమ్ముడు కిడ్నీ ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు దాన్ని ఒప్పుకోక, ఉన్నదీ పోయి, ఇచ్చినదీ పోయి, ఆఖరికి జగన్నాధమూ పోయాడు. దహనానికి వెళ్ళినప్పుడు ఆ తమ్ముడు నడుం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ నిలబడ్డం నా కళ్ళలోంచి పోదు. రేపు తాయారు అలా నిలబడుతుంది, వంటింటి గోడకి. నేను సరుకు చూసి కొనే జాతివాణ్ణి. ఇనప కడ్డీ వంచి చూస్తాను, సిమెంటు బస్తా విప్పి పిడికిట్లో పట్టి చూస్తాను. చూడనిదానికి చెయ్యి చాపడం మా నాన్న నాకు నేర్పలేదు. అలాంటి నేను ఈ పొద్దున్న సూదులు గుచ్చుతుండగా మనసులో ఒక పందెం కాశాను, సిగ్గు లేకుండా. దాలమ్మ వస్తే ఒప్పుకుంటాను. రాకపోతే లేదు.

ఎందుకంటే ఒకసారి వచ్చింది. మొన్నటి తిత్లీ తుఫానుకి ఉద్దానమంతా నేలమట్టమైంది. కొబ్బరి చెట్లు ఎవరో వరసగా కొట్టి పడేసినట్టు పడుకున్నాయి, కరెంటు స్తంభాలు మోకాళ్ళ మీద కూర్చున్నాయి, రోడ్లు ఏవో తోటలేవో తెలియలేదు. ఆసుపత్రి వాళ్ళు జనరేటరు మీద మిషన్లు నడిపారు. టెక్కలిలో ఉన్నవాడిని గనక నేను ఎలాగో చేరాను. పక్క మంచం ఖాళీ. అప్పుడూ ఇలాగే చూశాను, అప్పుడూ ఇలాగే గొంతు ఎండింది. గుక్కెడు నీళ్ళకి కూడా మాకు లెక్కుంటుంది, గొంతు ఎండడం మాకు మామూలే, కానీ ఆ ఎండడం వేరు. మధ్యాహ్నం దాటాక తలుపు దగ్గర చప్పుడైంది. చూస్తే దాలమ్మ. చీర మోకాళ్ళదాకా బురద, కాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బి ఉన్నాయి, రొప్పుతోంది. పడిపోయిన చెట్ల మీదనుంచి ఎక్కుతూ దిగుతూ వచ్చిందట, కొంత దూరం ఎవరిదో ట్రాక్టరు. టెక్నీషియన్ ఆనంద్‌కుమార్ పరుగెత్తి పట్టుకుని, ఎలా వచ్చావమ్మా అని అడుగుతుంటే, అతన్ని వదిలేసి నా వైపు చూసి అన్న మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇల్లు ఎగిరిపోనాది సావుకారూ. పోతే పోనాది, ఈడ నా మంచం ఉందా లేదా అని సూడ్డానికొచ్చినాను." అప్పుడు నేను ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో తెలియదు. మా షాపు రేకులు పోయినా ఏడవలేదు. ఆమె మాత్రం మంచం మీద ఒరిగి, కళ్ళు మూసుకుని, ఎవరితోనో గుసగుసగా మాట్లాడింది, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. "థాంక్సయ్యా" అంది చివర్లో. ఆ ఇంగ్లీషు ముక్క ఎక్కడ నేర్చుకుందో. ఇల్లు ఎగిరిపోయిన మనిషి దేనికి థాంక్స్ చెప్తుందో అని ఆ రోజంతా ఆలోచించాను.

మిషను తిరుగుతోంది. గొట్టంలో ఎరుపు పాకుతోంది. ఇది నాది, కాసేపట్లో మళ్ళీ నాది. మొదట్లో చూడలేకపోయేవాణ్ణి. "సూడకపోతే ఎలాగ, నీ సరుకే కదా, తూకం సరిగా ఇస్తన్నాడో లేదో సూసుకో" అని పక్కనుంచి ఆమె. చేపలు అమ్మిన గొంతు, వీధి చివరి ఇంటికి కూడా వినపడుతుంది. గంప నెత్తిన పెట్టుకుని నౌపడా నుంచి టెక్కలి దాకా ఆమె తిరగని వీధి లేదట, మా కోమట్ల వీధి తప్ప. మొదటి రోజు ఆమె మంచం మీదకి ఎక్కుతుంటే నేను కొంచెం పక్కకి ఒత్తిగిలాను కాబోలు, వెంటనే పట్టేసింది. "ఏటి సావుకారూ, వాసనొస్తందా? గంప దించేసి రెండేళ్ళయినాది. ఇంకా వస్తందంటే అది సేపల వాసన కాదు, నా వాసనే." నవ్వొచ్చింది నాకు. ఉల్లిపాయ కూడా వండని ఇంట్లో పుట్టినవాణ్ణి, పక్కనే చేపల దాలమ్మతో రోజు విడిచి రోజు ఒకే గదిలో, ఒకే రకం గొట్టాలతో. ఉప్పు మానేయమన్నారని ఆమె బాధ. "ఉప్పుసేపలు అమ్మి బతికినదానికి ఉప్పే శత్రువైపోనాది, సూడు సోద్యం." ఇప్పుడు నాకు ఆ వాసన కావాలి. ఈ గదిలో డెట్టాలు వాసన తప్ప ఏమీ లేదు. సముద్రపు గాలి, ఎండిన వల, కొబ్బరినూనె, ఇవన్నీ కలిసిన ఒకటేదో ఈ గదిలో ఉండేది, ఈవేళ కిటికీ తెరిచి ఉన్నా లేదు.

చర్చిలో ఆమెకి పేరు మార్చబోయారట. బాప్తిస్మమిచ్చేటప్పుడు పాస్టరుగారు మార్తమ్మ అని పెడతానంటే ఒప్పుకోలేదు. "దాలమ్మ దాలమ్మ అనే కదయ్యా నన్ను పిలిసేడు. ఇప్పుడు పేరు మార్సేస్తే ఆయన మళ్ళీ ఎతుక్కోవాల, ఆయనకెందుకు ఆ తిరుగుడు?" ఆమె, ఆమె భర్త కూర్మయ్య, ఇద్దరూ ఒకే రోజు భావనపాడు సముద్రంలో మునిగి లేచారు. ఊళ్ళోవాళ్ళు ఒడ్డున నిలబడి నవ్వారట, రోజూ మునిగేవాళ్ళకి ఇదో మునకా అని. తర్వాత ఒక ఆషాఢంలో కూర్మయ్య వేటకి వెళ్ళి రాలేదు. పడవ రాలేదు, మనిషి రాలేదు, పీనుగ కూడా ఒడ్డుకి రాలేదు. ఈ సంగతి ఆమె నాకు చాలా మామూలుగా చెప్పింది, మొన్న బస్సు రాలేదు అన్నట్టుగా. నేనప్పుడు జగన్నాధం దహనానికి వెళ్ళి వచ్చి ఉన్నాను, మనసంతా బూడిదలా ఉంది. ఇంకా ఏం ఆశ పెట్టుకుని ఇక్కడికి వస్తున్నాం దాలమ్మా, మనకి బాగవుతుందా ఏమైనా అన్నాను. ఆమె నా వైపు తల తిప్పింది. అంత తీరిగ్గా ఎవరూ నన్ను చూడలేదు.

"బాగవుతాదని ఎవలు సెప్పినారు నీకు? నాకు ఎవలూ సెప్పనేదు. నాది ఆశ కాదు సావుకారూ, నిరీచ్చన." చర్చి మాట అది, నిరీక్షణ, ఆమె నోట్లో అది చేపల రేవు మాటైపోయింది. తేడా ఏమిటన్నాను. అప్పుడు గంప సంగతి చెప్పింది. మగవాళ్ళు వేటకి వెళ్ళాక ఒడ్డున ఆడవాళ్ళు రెండు రకాలట. ఒకర్తి ఇంట్లోనే కూర్చుని, పడవ తెరచాప కనపడ్డాక వెళ్దాంలే అనుకుంటుంది. అది కనపడి, ఆమె లేచి, గంప కడుక్కుని, ఒడ్డుకి చేరేసరికి సరుకంతా దళారీ బండి ఎక్కేసి ఉంటుంది. ఇంకొకర్తి తెరచాప కోసం చూడదు. సూర్యుడు ఈ పక్కకి వచ్చాడంటే గంప బోర్లించి ఇసకేసి తోమి, కడిగి, ఒడ్డున పెట్టుకుని కూర్చుంటుంది. సముద్రం మీద అప్పటికి ఏమీ ఉండదు, ఉత్త నీళ్ళు. అయినా కూర్చుంటుంది, ఎందుకంటే వస్తానన్నాడు. "అంతే. నిరీచ్చనంటే అంతే. కళ్ళు సూసినాక కడిగితే అది గంప కడగడమే. సూడకముందు కడిగితేనే అది నమ్మడం." నేను సరుకు చూసి కొనేవాణ్ణి కదా, వదల్లేదు. కూర్మయ్య రాని రోజు కూడా గంప కడిగావా అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆమె కోప్పడలేదు. "కడిగినాను. పొద్దుపోయేదాకా కూకున్నాను. రాలేదు." మరి? "మరేటి? వస్తానన్నాడు మా ఆయన, రానివ్వనన్నాది సముద్రం. సముద్రం నాకు ఎప్పుడూ మాటివ్వలేదు సావుకారూ. దాని మీద కోపం పెట్టుకుని ఏటి లాభం? మాటిచ్చినాయన యేరే. ఆయన సచ్చి సమాధిలో పడుకుని, మూడో దినాన లెగిసి ఒచ్చి మరీ ఇచ్చినాడు మాట. అలాటోడి మాట మీద గంప కడుక్కోకపోతే ఇంకెవలి మాట మీద కడుక్కుంటాను?" ఆమె దేవుడు నా దేవుడు కాదు. కానీ ఆమె నమ్మే తీరుని, పెద్ద వ్యాపారం చేసే మనిషిని చిన్న కొట్టువాడు చూసినట్టు చూశాను. నా దగ్గర అంత పెట్టుబడి ఎప్పుడూ లేదు.

చప్పుడు. ఆనంద్‌కుమార్ వచ్చాడు. నా వైపు కాదు. దాలమ్మ మంచం దగ్గర ఆగాడు. పాత దుప్పటి తీస్తున్నాడు. మడత పెట్టకుండా ఉండలా చుట్టేస్తున్నాడు. ఆనంద్, దాలమ్మ ఎందుకు రాలేదు? "మీ బీపీ ఒకసారి చూస్తానండి" అన్నాడు. నేను అడిగింది బీపీ కాదు. అతను బొబ్బిలి నుంచి వచ్చిన కుర్రాడు, అబద్ధం చెప్పడం రాదు, అందుకని నా మొహం చూడడం మానేశాడు. కొత్త దుప్పటి పరిచాడు. తలుపు దగ్గర సింధూరి నిలబడి ఉంది. వరండా బెంచీ మీద కూర్చునే పిల్ల, పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, కిడ్నీలు పోయాయి. బెంచీ వాళ్ళకి ఇక్కడ మిషను దొరకదు. దొరకాలంటే మాలో ఒకరు మంచం వదలాలి. అందుకే మేము బెంచీ వాళ్ళ కళ్ళలోకి చూడం, వాళ్ళు మా కళ్ళలోకి చూడరు. దాలమ్మ ఒక్కతే వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చునేది. "కంగారు పడకే పిల్లా. ఈ మంచం నాకు వాడుకోడానికిచ్చినారు గాని రాసియ్యలేదు. నా యెనకాల నువ్వే" అని సింధూరి గడ్డం పట్టుకునేది. విన్నవాళ్ళం మేము భయపడేవాళ్ళం, ఆమె భయపడేది కాదు. ఇప్పుడు సింధూరి మంచం అంచున నిలబడి, దుప్పటి మీద చెయ్యి వేసి, తీసేసింది. "ఆ అమ్మ మంచం మీద నానెలా పడుకుంటాను బాబాయ్?" అంది నాతో, ఏడుస్తూ. అప్పుడు అర్థమైపోయింది. పందెం ఓడిపోయాను. లేదు, పందెంలో నేను కోరుకున్నదే గెలిచింది, ఇక తాయారుకి కాదని చెప్పేయొచ్చు. ఎంత సులువు. పడుకో అమ్మా, నీకే చెప్పింది కదా, అన్నాను సింధూరితో.

ఖాళీగా ఉన్న కుడి చేత్తో ఫోను తీశాను. లక్ష్ముడికి చేశాను. మా షాపులో బస్తాలు దించే కళాసీ, దాలమ్మ మరిది కొడుకు. ఎప్పుడు? ఎలా? కనీసం అది తెలియాలి. ఫోన్లో ముందు గాలి వినిపించింది, తర్వాత గునపం ఇసకలో దిగే చప్పుడు. "బాబూ, ఇయ్యాల పన్లోకి రాలేనండి. మా పెద్దమ్మ పోనాది. తెల్లారగట్ట, నిద్దర్లోనే. ఆస్పత్రికి రాడానికి సంచి సద్దుకుని గుమ్మంలో పెట్టుకున్నాది, ఆ సంచి అక్కడే ఉంది బాబూ." వాడే చెప్తున్నాడు. చర్చివాళ్ళు నాలుగిళ్ళే, ఆడవాళ్ళంతా పీనుగ దగ్గరున్నారు, పాస్టరు పాతపట్నం నుంచి సాయంత్రానికి గాని దిగడు. మొగలి పొదల అవతల వాళ్ళకిచ్చిన స్థలంలో ఇంతకుముందు ఎవర్నీ పాతిపెట్టలేదు, ఇదే మొదటిది, అందుకని గొయ్యి తనూ తన తమ్ముడే తవ్వుతున్నారట. "తల దచ్చినానికి పెట్టి తవ్వుతన్నాం బాబూ, మనోళ్ళకి పెట్టినట్టే. సగం అయిపోనాది."

దక్షిణానికి.

ఒక్కసారి లేచి కూర్చున్నాను. మిషను అరిచింది. సూది ఉన్న చెయ్యి కదిలితే అది ఊరుకోదు. ఆనంద్ పరుగెత్తుకొచ్చి "ఏంటండీ ఇది, చెయ్యి కదపకండి!" అని నా భుజం నొక్కి పడుకోబెట్టాడు. ఫోను వదల్లేదు నేను. నాకు ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది, తిత్లీ తర్వాత, ఎండ ఈ కిటికీలోంచి దాలమ్మ పాదాల మీద పడుతున్న రోజు. ఆమె తన పాదాల వైపే చూస్తూ అంది. నన్ను పాతిపెట్టినప్పుడు కాళ్ళు తూరుపుకి ఉండాల సావుకారూ, తల పడమటకి. మావోళ్ళందరికీ అలాగే పెడతారు. ఎందుకన్నాను. "ఆయన తూరుపు నుంచి వస్తాడు గదా. బూర ఊదగానే లెగుస్తాం గదా. లెగిసి నిలబడగానే ఎదురుగా ఆయన కనపడాల. అటు తిరిగి ఇటు తిరిగి ఎతుక్కోడానికి నాకు మోకాళ్ళు బాగోవు." నవ్వి, ఆగి, మెల్లగా ఇంకొకటి చెప్పింది. భావనపాడులో తూర్పంటే సముద్రం. సముద్రం కూడా ఆ రోజు దాచుకున్నవాళ్ళందర్నీ తిరిగి ఇచ్చేయాలట, అలా రాసి ఉందట. "అంటే మా ఆయన అట్నుంచే లెగిసి వస్తాడు. ప్రభువూ అటే, మా ఆయనా అటే. నాను పడమట ఒడ్డున నిలబడి ఉంటాను. గంప కడుక్కుని." ఇంట్లోవాళ్ళకి చెప్పుకోవచ్చు కదా అంటే, "సెప్తే ఏడుస్తారు. నువ్వు బైటోడివి, ఏడవ్వు" అంది. అంటే ఈ సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. గొట్టాలకి కట్టేసి ఉన్నాను. అక్కడ గునపం దిగుతోంది.

లక్ష్ముడూ, ఆపరా! తల పడమటికి. కాళ్ళు తూర్పుకి, సముద్రం వైపు. మళ్ళీ తవ్వండి. గాలి. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తూరుపుకి కాళ్ళేటి బాబూ? సూర్యనారాయణుడికి కాళ్ళు సాపినట్టు కాదేటి? పాపం కదా? మా అమ్మ తిడతాది." వాడిది తప్పు కాదు, వాడి చోట నేనున్నా అదే అనేవాణ్ణి. ఎల్లుండి అరసవల్లిలో పొద్దున్నే సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామి పాదాల్ని తాకుతాయి, చూడ్డానికి జిల్లా అంతా కదులుతుంది, ఆనంద్ కూడా సెలవు అడిగాడు. నోటికి అదే వచ్చింది. ఒరే, అరసవల్లిలో వెలుగు ముందు ఎక్కడ పడుతుందిరా, పాదాల మీదే కదా? మీ పెద్దమ్మకీ అంతే. కాళ్ళు సూర్యుడికి చాపడం కాదురా, లేచి నిలబడ్డానికి. "లెగిసి నిలబడ్డమేటి బాబూ, పోయిన మనిసి?" లేస్తుంది, అన్నాను.

అనేశాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను. వార్డులో పడుకున్నవాళ్ళందరూ విన్నారు. సింధూరి ఏడుపు ఆపి నా వైపు చూసింది. నేను నమ్ముతున్నానా? తెలియదు. కానీ ఆమె నమ్మింది, నేను మాట మోస్తున్నాను, మోసే వాడు మాట తేలిక చేసి చెప్పకూడదు. మీ పెద్దమ్మ అడిగిందిరా లక్ష్ముడూ, నాతో చెప్పింది, ఇదొక్కటే అడిగింది. వాడి గొంతు మారిపోయింది. "మాతో సెప్పనేదే." మీరు ఏడుస్తారని. మళ్ళీ గాలి. ముక్కు చీదిన చప్పుడు. "ఇసక జారిపోతాది బాబూ, అడ్డంగా తవ్వితే పాత గొయ్యిలోకి కూలిపోతాది." పాత గొయ్యి పూడ్చేయండి, నాలుగడుగులు పక్కకి జరిగి తవ్వండి, పక్కలకి తాటాకు తడకలు నిలబెట్టండి, ఇసక ఆగుతుంది. "అలాగే బాబూ." ఫోను పెట్టేశాను. గుండె కొట్టుకుంటోంది. పెద్ద ఇంటికి పునాది తప్పు వేస్తుంటే ఆపినప్పుడు కూడా ఇంత కొట్టుకోలేదు.

ఇప్పుడు పడుకుని ఉన్నాను. గొట్టంలో ఎరుపు. సింధూరి రక్తం ఆ పక్క గొట్టంలోకి మొదటిసారి పాకింది, ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. చూడమ్మా, నీ సరుకే, తూకం చూసుకో అన్నాను. మెల్లగా ఒక కన్ను తెరిచింది. పందెం సంగతి గుర్తొచ్చింది. దాలమ్మ రాలేదు కాబట్టి లేదు అని కదా. ఏం పందెం అది? తెరచాప కనపడితే లేస్తాను అని కదా నేను కాసింది. ఇంట్లో కూర్చున్న మొదటి ఆడదాని పందెం. జగన్నాధం తమ్ముడు గుర్తొచ్చాడు మళ్ళీ, నడుం పట్టుకుని, గోడకి ఆనుకుని. ఈసారి అతని మొహం కూడా గుర్తొచ్చింది, ఎందుకో ఇన్నాళ్ళూ నడుమే గుర్తుంది. ఆ రోజు నేను, ఇచ్చిందంతా వృథా అయిపోయింది కదా అని ఓదార్చబోతే, అతను నన్ను వింతగా చూశాడు. "వృథా ఏటండి? ఏడాది మా అన్న నాతో కూకుని అన్నం తిన్నాడు" అన్నాడు. ఆ మాట నేను అప్పుడు వినలేదు. విన్నాను, లోపలికి రానివ్వలేదు. బాగవుతుందని ఎవరూ చెప్పలేదు నాకు. ఎవరూ చెప్పరు. దాలమ్మకీ ఎవరూ చెప్పలేదు, అయినా రాత్రి సంచి సర్దుకుని గుమ్మంలో పెట్టుకుంది, బస్సు అందుకోవాలి కదా. ఆ సంచి ఇంకా అక్కడే ఉందట. ఆమె మాత్రం ముందు బస్సు ఎక్కేసింది. సాయంత్రం సమాధి దగ్గర పాట పాడతారు, పిడికెడు ఇసక వేస్తారు, నేను ఉండను. వెళ్ళాలని ఉంది. కానీ నేను అక్కడికి వస్తే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. "ఈడకెందుకొచ్చినావు సావుకారూ? నీ రైలేది?"

మిషను ఆగింది. ఆనంద్ సూదులు తీసి దూది పెట్టి నొక్కాడు. తాయారు తలుపు దగ్గరికి వచ్చింది, సంచి భుజానికి. ఆమెకి తెలిసిపోయింది దాలమ్మ సంగతి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రైలుకి టైమవుతున్నాది. వస్తారా, రారా?"

నేను సంచి వైపు చూశాను. కుట్లు తెగేలా ఉబ్బి ఉంది. ఒక్క మనిషి బట్టలకి అంత ఉబ్బదు.

"ఏముంది అందులో?"

"ఏటుంటాది? నా చీరలు. మీ పంచెలు, మీ తువ్వాలు, మీ మాత్రలు."

"నేను రానన్నాను కదా."

"అన్నారు. మీరు అన్నారని నేను సర్దడం మానేస్తానేటి?"

"ఎప్పుడు సర్దావు?"

"మొన్న మీరు అన్నం ముందునుంచి లేచిపోయేరు కదా. అప్పుడు."

నేను తాయారుని చూస్తున్నాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఈమె కూడా ఒడ్డున కూర్చునే మనిషని నాకు తెలియలేదు. ఏదో చెప్పాలి. జేబులో ఫోను మోగింది. లక్ష్ముడు. రొప్పుతున్నాడు.

"తిప్పేసినాం బాబూ. తడకలు పెట్టినాం. ఇసక ఆగినాది."

"తల పెట్టే పక్క నిలబడు. నిలబడ్డావా? ఎదురుగా చూడు. ఏం కనిపిస్తోంది?"

గాలి, ఆ వెనక కెరటాల చప్పుడు.

"సముద్రం బాబూ. ఇంకేటి కనపడతాది?"

"ఇంకేమీ లేదా?"

"ఏటీ లేదు. ఉత్త నీళ్ళు."

"సరే. అలాగే ఉంచు" అన్నాను. ఫోను జేబులో వేసుకుని, మంచం దిగి, కుడి చెయ్యి చాపి తాయారు భుజం మీది సంచి అందుకున్నాను. ఆమె వదల్లేదు. ఒక కాడ ఆమె పట్టుకుంది, ఒక కాడ నేను పట్టుకున్నాను.